కార్బొనారి జాడల్లో: నేపుల్స్ నుంచి ష్పిల్‌బెర్క్ జైలు దాకా

రహస్య సంఘం తన ఆనవాళ్ళు తనే చెరిపేసుకుంటుంది. సమావేశాలు జరిగిన ఇళ్ళు మామూలు ఇళ్ళే, సభ్యుల జాబితాలు ఎప్పుడో పొయ్యిలో పోయాయి. నిరంకుశ రాజుల దగ్గర రాజ్యాంగం కోసం పోరాడి 19వ శతాబ్దపు ఇటలీని కుదిపేసిన కార్బొనారి సంఘం కోసం వెళ్ళేవాళ్ళకి కనిపించేది చాలావరకు వాళ్ళని పట్టుకున్నవాళ్ళు మిగిల్చిందే: జైళ్ళు, కోర్టులు, తలలు తీసిన కూడళ్ళు. అందుకని ఈ దారిని సంఘం బలంగా వేళ్ళూనిన నేపుల్స్‌లో మొదలుపెట్టి, ఖైదీలను పడేసిన చెక్ దేశపు ష్పిల్‌బెర్క్ కోటలో ముగించేలా వేశాం.

బయల్దేరే ముందు రెండు మాటలు. ఇటలీ, ఆస్ట్రియా, చెక్ మూడూ షెంగెన్‌లోనివే కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు గడిపేది ఇటలీలో గనక దరఖాస్తు ఇటలీకే పెట్టాలి. టికెట్ చవగ్గా దొరికిందని వియన్నాలో దిగినా సరే, ఆస్ట్రియాకి పెడితే తిప్పి పంపుతారు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆగస్టు నడిమి వారం వద్దు, ఆ సెలవుల్లో చిన్న ఊళ్ళ మ్యూజియాలకు తాళాలు పడతాయి.

మొదటి రోజు: నేపుల్స్

రాజభవనం, కొండ మీది సాన్ మార్తీనో మఠం మ్యూజియం, రెండూ బుధవారం మూసి ఉంటాయి. బుధవారం దిగే టికెట్ కొనొద్దు.

ప్లెబిషీతో కూడలిలో నిలబడి మొదలుపెట్టడం మంచిది. ఎదురుగా ఉన్న అర్ధచంద్రాకారపు స్తంభాల వరస పని 1809లో మురాట్ కాలంలో మొదలైంది. మురాట్ నెపోలియన్‌కి బావగారు, 1808 నుంచి 1815 దాకా ఇక్కడ రాజు. కార్బొనారి సంఘం దక్షిణ ఇటలీలో ఊరూరా పాకింది ఆయన హయాంలోనే. తర్వాత బూర్బన్ రాజు ఫెర్డినాండ్ తిరిగొచ్చి పాత పాలన తిరిగి మొదలుపెట్టినా సంఘం చావలేదు. సైన్యంలో కింది స్థాయి అధికారులు, ఊరి వకీళ్ళు, చిన్న భూస్వాములు, పేద పాదిరీలు, అందరూ అందులో ఉన్నారు.

లోపలి వ్యవస్థ తెలిస్తే మిగతా రోజులన్నీ అర్థమవుతాయి. కొండల్లో బొగ్గు కాల్చేవాళ్ళ వేషం, భాష వాళ్ళు అరువు తెచ్చుకున్నారు. ఒక్కో శాఖ పేరు ‘వెందిత’, అంటే బొగ్గుల అమ్మకం. సమావేశపు గది ‘బరాక్కా’, అంటే గుడిసె. బయటి లోకం అడవి, నిరంకుశులు తోడేళ్ళు, సంఘంలో లేనివాడు ‘పగానో’, సభ్యులు ఒకరికొకరు ‘మంచి కజిన్లు’. పోషక సాధువు తెయోబాల్దో, ఆయన పండగ జులై 1. ఈ తేదీ రేపు పనికొస్తుంది.

దీక్ష ఇచ్చే గది పొడుగ్గా ఉంటుంది. పెద్ద కూర్చునే చోట నరికిన చెట్టు మొద్దే బల్ల. దాని మీద నారబట్ట, నీళ్ళు, ఉప్పు, శిలువ, ఆకులు, పుల్లలు, నిప్పు, మట్టి, తెల్లముళ్ళ కిరీటం, చిన్న నిచ్చెన, దారపు ఉండ, నీలం, ఎరుపు, నలుపు రిబ్బన్లు మూడు పెడతారు. నీలం పొగకి, ఎరుపు మంటకి, నలుపు బొగ్గుకి గుర్తు. సభ ఆరంభానికి, అంతానికి సుత్తి బదులు గొడ్డలితో మొద్దు మీద కొడతారు. కొత్తవాణ్ణి కళ్ళకు గంతలు కట్టి తెస్తారు, మొదటి చుట్టు ‘అడవి’ గుండా, రెండో చుట్టు ‘నిప్పు’ గుండా తిప్పుతారు, చివరికి తెల్లబట్ట మీద మోకరిల్లి గొడ్డలి మీద ఒట్టు పెట్టిస్తారు. క్రీస్తు శ్రమల గుర్తులు ఇన్ని ఉండటం వల్ల, చదువురాని రైతు కూడా ఇదేదో దేవుడి పనే అనుకుని చేరేవాడు. ఫ్రీమేసన్లనే మరో రహస్య సంఘపు శాఖల్లో జామెట్రీ పరికరాలు చూసి ఆ రైతు చేరేవాడా అన్నది అనుమానమే.

లోపం కూడా ఇక్కడే ఉంది. వెందిత పెద్దది, అందరూ అందరికీ తెలుసు. 1821లో ఈ పద్ధతిని అరువు తీసుకున్న ఫ్రెంచివాళ్ళు దీన్ని సరిదిద్దారు: ఒక శాఖలో ఇరవై మందికి మించకూడదు, పై శాఖతో మాట్లాడేది ఒక్క ప్రతినిధే. ఇరవై దాటితే అనుమతి తీసుకోవాలని అక్కడి శిక్షాస్మృతి చెప్పడం కూడా అందుకు కారణం. అయినా లా రొషెల్‌లో నలుగురు సార్జెంట్లు దొరికిపోయి 1822 సెప్టెంబర్ 21న పారిస్‌లో తలలు పోగొట్టుకున్నారు.

మధ్యాహ్నం సాన్ మార్తీనోకి మోంతెసాంతో ఫ్యునిక్యులర్ (కొండెక్కే కేబుల్ బండి) ఎక్కి మోర్గెన్‌లో దిగితే పది నిమిషాల నడక. సిబ్బంది చాలని రోజుల్లో 19వ శతాబ్దపు గదులు మూసేస్తారు. టికెట్ కొనే ముందే కౌంటర్ దగ్గర అడగండి, కొన్నాక డబ్బు వెనక్కి రాదు.

రెండో రోజు: నోలా, మోంతెఫోర్తె, అవెల్లీనో

ఈ యాత్రలో సంఘం గెలిచిన చోటు ఇదొక్కటే. 1820 జులై 1 రాత్రి, తెయోబాల్దో పండగనాడు, నోలాలోని అశ్విక దళం నుంచి మికెలె మొరెల్లి, జుసెప్పె సిల్వాతి అనే ఇద్దరు కుర్ర అధికారులు వందకు పైగా గుర్రపు సైనికులతో బయటికొచ్చారు. వెంట లుయీజి మినికీని అనే పాదిరీ, ఓ ఇరవై మంది కార్బొనారి. దేవుడు, రాజు, రాజ్యాంగం, ఇవీ నినాదాలు. రాజుని దించమని ఎవరూ అనలేదు, అందుకే ఎదురుపడ్డ దండుల్లో చాలామంది తుపాకీ ఎత్తలేదు.

నోలాకి చిర్కుమ్‌వెసువియానా లోకల్ వెళ్తుంది, బయానో వైపు లైను, నలభై నిమిషాల పైన పడుతుంది. గారిబాల్ది స్టేషన్‌లో ఎక్కితే నిలబడే వెళ్ళాలి. ఒక స్టేషన్ వెనక్కి, పోర్తా నొలానాకి నడిచివెళ్ళి బండి బయల్దేరే చోటే ఎక్కండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: సొరెంతో, సార్నో, బయానో బళ్ళన్నీ గారిబాల్దిలో అవే ప్లాట్‌ఫారాల నుంచి పోతాయి. బండి ముఖాన ఉన్న పేరు చూసి ఎక్కాలి, జనం ఎటు తోస్తే అటు ఎక్కితే పాంపేయిలో తేలతారు. ‘షోపెరో’ అని బోర్డు కనిపిస్తే ఆ రోజు సమ్మె. ఉదయం, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే బళ్ళు గ్యారంటీ.

నోలా అనగానే ఇటలీవాళ్ళకి గుర్తొచ్చేది తత్త్వవేత్త జొర్దానో బ్రూనో పుట్టిన ఊరని, లేదా జూన్‌లో ఇరవై ఐదు మీటర్ల కట్టె గోపురాలను భుజాల మీద మోసే గీల్యి పండగ. తిరుగుబాటు జాడ ఊళ్ళో పెద్దగా లేదు. చూడాల్సింది ఊరు కాదు, ఊరి నుంచి కొండెక్కే దారి.

ఆ దారి చూడటానికి కారు కావాలి. నేపుల్స్ నుంచి అవెల్లీనోకి బస్సులున్నాయి గానీ అవి మోటార్‌వే మీద పోతాయి, కనుమ కనిపించదు. రైలు బయానోతో ఆగిపోతుంది. కారైతే పాత జాతీయ రహదారి 7-బిస్ మీద బయానో, ముజ్ఞానో దెల్ కార్దినాలె, మోంతెఫోర్తె మీదుగా అవెల్లీనో దాకా సుమారు 30 కి.మీ. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉండాలి. పాత ఊళ్ళ నడిమి వీధుల్లో కెమెరాల నిషేధిత మండలాలుంటాయి. అందులో దూరినట్టు అక్కడ ఎవరూ చెప్పరు, నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది. కారుని ఊరి బయటే ఆపండి.

మోంతెఫోర్తె దగ్గర దిగి వెనక్కి, నోలా మైదానం వైపు చూడండి. నేపుల్స్ నుంచి తూర్పున పూల్యాకి పోయే పెద్ద దారి ఈ ఇరుకులోంచే వెళ్తుంది. ఇక్కడ దండు దిగితే రాజధానికి, ధాన్యం వచ్చే జిల్లాలకి మధ్య దారి తెగిపోతుంది. గుప్పెడు గుర్రాలతో రాజ్యాన్ని లొంగదీసుకోవడం సాధ్యమైంది ఈ భూగోళం వల్లే. అవెల్లీనోలో లెఫ్టినెంట్ కల్నల్ దె కొంచీలి తటపటాయించి, చివరికి కలిశాడు. జులై 5 రాత్రి జనరల్ గుల్యెల్మో పేపె నేపుల్స్ నుంచి రెజిమెంట్లతో వచ్చి చేరాడు. మర్నాడే రాజు రాజ్యాంగం ఇస్తానని ఒప్పుకున్నాడు. 9న పేపె సైన్యం రాజధానిలో కవాతు చేసింది, వెనకాల మినికీని నాయకత్వాన కార్బొనారి. రాజకుటుంబం కూడా సంఘం రంగులైన నలుపు, ఎరుపు, నీలం కొకార్డులు (రిబ్బను బిళ్ళలు) తగిలించుకుని నిలబడింది. జులై 13న రాజు ప్రమాణం కూడా చేశాడు.

ఎనిమిది నెలలు. 1821 మార్చి 7న రియేతి దగ్గర, పాత పాలన నిలబెట్టడానికి వచ్చిన ఆస్ట్రియన్ సైన్యం పేపెని ఓడించింది, నెలాఖరులోపే నేపుల్స్‌లో దిగింది. మొరెల్లి, సిల్వాతిలను 1822 సెప్టెంబర్ 12న ఉరితీశారు. గెలిచిన రహస్య సంఘం రహస్యంగా ఉండలేకపోయింది. రాజ్యాంగం వచ్చాక వీధిలో కొకార్డు పెట్టుకుని తిరిగిన ప్రతివాడి పేరూ ఆస్ట్రియన్లు వచ్చేసరికి అందరికీ తెలుసు, ఆరా తీయడానికి గూఢచారి అవసరమే లేకపోయింది.

అవెల్లీనోలో పాత బూర్బన్ జైలు చూడండి. ఆరు కోణాల ప్రహరీ, మధ్య గుండ్రటి గది, అక్కడి నుంచి చక్రపు ఆకుల్లా చీలే జైలు వరసలు. కాపలావాడు ఒక్కచోట నిలబడి అన్నివైపులా చూడగలడు. తిరుగుబాటు తర్వాత కట్టిందే ఇది. ఇప్పుడు ఇర్పీనియా మ్యూజియంలోని 19వ శతాబ్దపు విభాగం ఇందులోనే ఉంది. ఊరు కొత్తగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, 1980 నవంబర్ 23 భూకంపం చాలా పాత ఇళ్ళని తీసుకుపోయింది.

మూడో రోజు: రోమ్

నేపుల్స్ నుంచి ఫాస్ట్ రైల్లో గంటా పది నిమిషాలు. ఈ రైళ్ళ టికెట్ ఆ బండికే చెల్లుతుంది, చవక టికెట్‌తో బండి తప్పితే కొత్తది కొనాల్సి రావచ్చు.

చూడాల్సింది ఒక్కటే: పోపొలో కూడలిలో, ఉత్తరపు ద్వారం పక్కన పోలీసు బారక్ గోడకి ఉన్న పాలరాతి ఫలకం. ఆంజెలో తర్గీని, లెయొనీదా మోంతనారి అనే ఇద్దరు కార్బొనారిల తలలు 1825 నవంబర్ 23న ఇక్కడే గిలెటిన్ మీద తెగాయి. పోలీసులకు ఉప్పందిస్తున్నాడని అనుమానించిన ఒక సభ్యుణ్ణి పొడిచారన్నది అభియోగం. పొడిచినా అతను బతికాడు, వీళ్ళు చనిపోయారు. గిలెటిన్ నడిపింది మాస్త్రో తిత్తా అని పేరుపడ్డ తలారి. 1796 నుంచి 1864 దాకా 516 మందిని ముగించినవాడు. పోపు రాజ్యం 1821 సెప్టెంబర్ 13నే సంఘాన్ని మతపరంగా నిషేధించింది. శ్రమల గుర్తుల్ని వాడుకుంటున్నారన్న కోపం ఆ శాసనంలో రాజకీయాలకంటే ముందు కనిపిస్తుంది.

జనం సెల్ఫీలు తీసుకునే ఒబెలిస్క్ దగ్గర కాదు, ఫలకం గోడ మీద బాగా ఎత్తున ఉంది. తల ఎత్తకపోతే దొరకదు.

నాలుగో రోజు: మోదెనా

రోమ్ నుంచి బొలోన్యాకి ఫాస్ట్ రైలు సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి రీజనల్‌లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. రీజనల్ కాగితపు టికెట్‌ని ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో కొట్టించాకే ఎక్కాలి. ఆ టికెట్‌కి ఫలానా బండి అని ఉండదు, ముద్ర లేకపోతే మళ్ళీ వాడుకునేలా దాచుకున్నారని అర్థం. పర్యాటకుడినని చెప్పినా జరిమానా వేస్తారు. ఫోన్‌లో కొన్న టికెట్‌కి చెక్-ఇన్ నొక్కాలి.

కుట్ర లోపల కుట్ర చూడాలంటే మోదెనాయే. డ్యూక్ ఫ్రాన్సెస్కో నాలుగో వాడికి తన చిన్న రాజ్యం చాలలేదు, ఉత్తర ఇటలీకి రాజు కావాలనుకున్నాడు. ఎన్రీకో మిజ్లె అనే వకీలు ద్వారా ఉద్యమకారులతో కొన్నేళ్ళు రహస్యంగా మాటలు నడిపాడు. చీరో మెనోత్తి అనే వ్యాపారి నమ్మాడు. మెనోత్తిని అచ్చంగా కార్బొనారి అనడం కంటే ఆ వలల్లో పెరిగిన తర్వాతి తరం అనడం సరి. 1831లో గాలి మారిందని తోచగానే డ్యూక్ ప్లేటు ఫిరాయించాడు: ఫిబ్రవరి 3 రాత్రి కనాల్‌గ్రాందె వీధిలో మెనోత్తి ఇంటిని సైన్యంతో చుట్టుముట్టి ఫిరంగి పెట్టించాడు. తలారిని పంపమని రెజ్జో గవర్నర్‌కి రాశాడని చెప్తారు. రెండు రోజులకే తిరుగుబాటు పాకి డ్యూకే పారిపోవాల్సొచ్చింది, పోతూ ఖైదీ మెనోత్తిని మాంతువాకి వెంట తీసుకెళ్ళాడు. తన సంగతులు బయటపెట్టగల మనిషిని వెనక వదిలి వెళ్తాడా మరి. మే 26న మెనోత్తిని, విన్చెంజో బొరెల్లిని ఉరితీశారు.

రోమా కూడలిలో 1879 నాటి మెనోత్తి విగ్రహం సరిగ్గా డ్యూక్ భవనానికి ఎదురుగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టినవాళ్ళు. భవనంలో ఇప్పుడు సైనిక అకాడమీ నడుస్తోంది. లోపలికి ముందుగా బుక్ చేసుకున్న గైడెడ్ టూర్లే, అవీ వారాంతంలో. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి.

అయిదో రోజు: మిలాన్, రాత్రికి పాదువా

మిలాన్‌కి సగం రోజు చాలు. స్కాలా పక్కనున్న సాంతా మార్గెరీతా వీధిలో ఒకప్పుడు ఆస్ట్రియన్ పోలీసు కార్యాలయం (మిలాన్, వెనిస్ ప్రాంతాలు అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేవి), దాంట్లోనే విచారణ ఖైదీల జైలు. సంఘంలో చేరిన రచయిత సిల్వియో పెల్లికో 1820 అక్టోబర్ 13న అరెస్టయి చేరింది అక్కడికే. అంతకుముందు ‘ఇల్ కొంచిలియతోరె’ అనే పత్రికకు ఆయనే ముఖ్యుడు. నీలం కాగితం మీద 1818 సెప్టెంబర్ నుంచి 1819 అక్టోబర్ దాకా 118 సంచికలు వచ్చాయి, సెన్సారు పోరు పడలేక ఆగిపోయింది. పట్టించింది ఒక ఉత్తరం: మిత్రుడు పియెరో మారొంచెల్లి సంఘం విషయాలు తమ్ముడికి రాసి మనిషి చేత పంపాడు, అది పోలీసుల చేతికి చిక్కింది. బొర్గొనువొవో వీధిలోని రిసోర్జిమెంతో (ఇటలీ ఏకీకరణ ఉద్యమం) మ్యూజియం సోమవారం మూత.

సాయంత్రం రైల్లో పాదువాకి, సుమారు రెండు గంటలు. వెనిస్‌కి వెళ్ళిపోకుండా పాదువాలో రెండు రాత్రులు గది తీసుకోవడం మేలు. అద్దె తక్కువన్నది ఒక కారణం. రేపు వెళ్ళే పల్లె స్టేషన్లో సామాను పెట్టుకునే వసతి లేదన్నది అసలు కారణం.

ఆరో రోజు: ఫ్రాత్తా పొలేసినె

పాదువా నుంచి బొలోన్యా లైనులో రొవీగో, అక్కడ వెరోనా వైపు చిన్న లైనుకి మారి కొన్ని స్టేషన్లు. ఒక బండి తప్పితే గంటా, రెండు గంటలు ఎదురుచూడాలి. తిరుగు టైమింగ్‌లు ఫోటో తీసి ఉంచుకోండి. ఆదివారాలు బళ్ళు మరీ పలచన.

స్కోర్తికో కాలువ ఒడ్డున పక్కపక్కనే రెండు భవంతులు. పెద్దది పల్లాదియో కట్టిన విల్లా బదొయెర్, యునెస్కో జాబితాలో ఉంది, లోపల పురావస్తు మ్యూజియం. దాన్ని ఆనుకుని ఉన్న విల్లా మోలిన్ అవెజ్జూ మన గమ్యం. ప్రైవేటు ఆస్తి, ప్రత్యేక సందర్భాల్లోనే తలుపు తీస్తారు, మామూలు రోజు గేటు బయటి నుంచి చూడటమే.

1818 నవంబర్ 11న ఇక్కడ ఒక విందు జరిగింది. ఆతిథ్యమిచ్చింది జనరల్ దార్నో భార్య చెచీలియా మోంతి. ఆ తేదీ సాన్ మార్తీనో పండగ. వెనెతో పల్లెల్లో కొత్త వైన్ తెరిచే రోజు, కౌలు లెక్కలు తేల్చుకునే రోజు. ఏ ఇంట్లో పదిమంది భోజనానికి కూడినా ఎవరూ తిరిగి చూడరు. ముసుగుగా ఇంతకంటే మంచి రోజు దొరకదు. వచ్చినవాళ్ళలో ఆంతోనియో ఒరొబోని, ఆంతోనియో విల్లా, ఫెలీచె ఫొరెస్తి లాంటివాళ్ళున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ కులీనులు, వకీళ్ళు.

తేదీ మంచిదే, మనుషులు జాగ్రత్తపడలేదు. బల్ల దగ్గర విప్లవం మాట బాహాటంగా సాగింది, వారాల్లోనే ఆస్ట్రియన్ పోలీసుల చెవిన పడింది, అరెస్టులు వరసపెట్టాయి. ఆ తర్వాత పని విచారణాధికారులది. ఆంతోనియో సాల్వోత్తి ఇందులో పేరు మోసినవాడు. కొట్టడం లేదు, అరవడం లేదు. నెలల తరబడి ఏకాంతంలో ఉంచి, ఒకడి వాంగ్మూలంలోని ముక్క ఇంకొకడి ముందు పెట్టి, ‘మీవాడే చెప్పేశాడు, నువ్వు దాచి ఏం లాభం’ అన్న ధోరణిలో మాట లాగడమే. గొడ్డలి మీద ఒట్టు వేసినవాళ్ళకి ఒంటరి గదిలో ఏం చెయ్యాలో సంఘం ఎప్పుడూ నేర్పలేదు. ఫ్రాత్తావాళ్ళలో ఒరొబోని 1823 జూన్‌లో ష్పిల్‌బెర్క్‌లో చనిపోయాడు, విల్లా కూడా అక్కడే. ఫొరెస్తి ఏళ్ళ తర్వాత విడుదలై అమెరికా చేరి, న్యూయార్క్ కొలంబియాలో ఇటాలియన్ పాఠాలు చెప్పాడు.

టైముంటే ఊళ్ళోనే జాకొమో మత్తెయొత్తి ఇల్లు ఉంది. 1924లో ముస్సోలినీ మనుషులు చంపిన పార్లమెంటు సభ్యుడు ఈ ఊరివాడే.

ఏడో రోజు: వెనిస్

డోజే (పాత వెనిస్ గణతంత్రపు అధినేత) భవనం మామూలు టికెట్‌తో పియొంబి, అంటే సీసపు కప్పు కింది జైలు గదులు, కనిపించవు. ‘రహస్య మార్గం’ అనే గైడెడ్ టూర్ విడిగా బుక్ చేసుకోవాలి. గంటంపావు పడుతుంది, గుంపులు చిన్నవి, ఇంగ్లీషు టూర్లు ముందే అయిపోతాయి. మెట్లు ఇరుకు, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

గైడ్లు కథంతా కాసనోవా తప్పించుకున్న వైపు నడిపిస్తారు. అది 1756 నాటి గణతంత్రం మాట. సింహపు నోటి పెట్టెల్లో వేసే ఆకాశరామన్న ఉత్తరాలూ ఆ కాలానివే. గణతంత్రం 1797లో పోయింది. పెల్లికోని ఇక్కడ పెట్టింది ఆస్ట్రియన్లు, 1821లో. ఆయన గది కిటికీకి లావుపాటి కమ్మీలు, ఎదురుగా సాన్ మార్కో చర్చి సీసపు కప్పు. ఎండాకాలం నెత్తిమీది సీసం కాలుతుంది, ఎదురు కప్పు నుంచి సెగ కొడుతుంది, దానికి తోడు మడుగు దోమలు. జులైలో టూర్‌కి వెళ్తే కొంతైనా తెలుస్తుంది.

తర్వాత ఆయన్ని సాన్ మికేలె దీవి మఠానికి మార్చారు. ఫొందమెంతె నోవె నుంచి 4.1 లేదా 4.2 వాపొరెత్తో (వాటర్ బస్సు) ఎక్కి ‘చిమితేరో’ దగ్గర దిగాలి. ఇప్పుడది నగర శ్మశానం. శిక్ష చదివింది మాత్రం 1822 ఫిబ్రవరిలో, డోజే భవనం పక్కన చిన్న కూడలిలో వేసిన వేదిక మీద నిలబెట్టి, అందరి ముందూ. మరణశిక్ష అని, వెంటనే చక్రవర్తి దయ అని: పెల్లికోకి పదిహేనేళ్ళు, మారొంచెల్లికి ఇరవై, కఠిన కారాగారం.

ఎనిమిదో రోజు: రైల్లోనే

వెనిస్ నుంచి వియన్నాకి నేరుగా రైలు, సుమారు ఏడు గంటలు. రాత్రి బండి కూడా ఉంది, కానీ ఆల్ప్స్ చూడాలంటే పగటిదే. ఖైదీలకి ఈ ప్రయాణం రెండు వారాలు పట్టింది, గొలుసులతో గుర్రపు బండిలో. వియన్నాలో పడుకుని పొద్దున్నే బయల్దేరండి.

తొమ్మిదో రోజు: బ్రనో

వియన్నా నుంచి గంటన్నర. డబ్బు ఇక్కడ కొరునాల్లో. స్టేషన్ నుంచి ట్రామ్‌లో షిలింగ్రోవో కూడలిలో దిగితే, పార్కులోంచి ష్పిల్‌బెర్క్ కోటకి పావుగంట ఎక్కుడు. సోమవారమైతే తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. కోట మ్యూజియానికి, కేస్‌మేట్లకి (కోట కింది సొరంగాలకి) టికెట్లు వేరు. మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకోండి, ఆ సొరంగాలు ఎప్పుడూ చల్లగా తడిగా ఉంటాయి.

ఒక పొరపాటు ఇక్కడ అందరూ చేస్తారు: నేలమాళిగ కేస్‌మేట్లు చూసి కార్బొనారిని ఇందులో పెట్టారనుకుంటారు. అవి రెండో జోసెఫ్ కాలంలో, 1780ల్లో, కరడుగట్టిన నేరస్థుల కోసం తెరిచినవి. రాజకీయ ఖైదీల గదులు కోట భవనంలో ఉన్నాయి. వాళ్ళ కథ కావాలంటే జైలు చరిత్ర ప్రదర్శన ఉన్న టికెట్ కొనాలి.

1822 ఏప్రిల్ 10న పెల్లికో, మారొంచెల్లి ఇక్కడికి చేరారు. ‘కార్చెరె దూరో’ అంటే: కాళ్ళకి గొలుసు, పరుపులేని చెక్క పలక మీద పడక, పని తప్పనిసరి, నాసిరకం తిండి. దీని పై మెట్టు ‘దురిస్సిమో’లో నడుముకి ఇనప పట్టా వేసి గోడకి కట్టేస్తారు, రొట్టె, నీళ్ళే. పని అంటే మేజోళ్ళు అల్లడం, కట్టెలు కొట్టడం. షిల్లర్ అనే ముసలి జైలరు తన ఉద్యోగాన్నే తిట్టుకుంటూ వీళ్ళకి చేతనైన సాయం చేసేవాడు. మారొంచెల్లి మోకాలికి పుండు ముదిరి 1828లో కాలు తీసేశారు, మత్తుమందు ఇంకా లేని రోజులు. కోసిన వైద్యుడికి ఆయన ఇచ్చింది ఒక గులాబీ పువ్వు. 1830 ఆగస్టు 1న ఇద్దరినీ వదిలారు.

పెల్లికో 1832లో ‘లె మియె ప్రిజోని’, అంటే ‘నా జైళ్ళు’, ప్రచురించాడు. అందులో సంఘం గుట్టు ఒక్కటీ లేదు, ఆస్ట్రియాని తిట్టిన పేజీ లేదు. పలక మంచం, గొలుసు, దోమలు, తోటి ఖైదీ దగ్గు, ఇంతే. యూరప్ అంతా చదివింది, ఆస్ట్రియా పరువు పోయింది. పదేళ్ళు బొగ్గు భాషలో గుసగుసలాడి సాధించలేనిది దాపరికం లేని ఆ చిన్న పుస్తకం సాధించింది.

తిరుగు విమానం వియన్నా నుంచైతే బ్రనో నుంచి విమానాశ్రయానికి బస్సులో సుమారు రెండు గంటలు. శలవు తక్కువైతే రోమ్‌ని తీసేసి నేపుల్స్ నుంచి నేరుగా మోదెనా వెళ్ళండి. ఇంకా తగ్గించాలంటే మిలాన్. ఫ్రాత్తాని మాత్రం ఉంచండి, వీలైతే నవంబర్ 11 చుట్టూ వేసుకోండి.